పెళ్లి తాంబూలానికి గుడ్డ సంచి మంచిదా, కవరు మంచిదా? 7,100 సార్ల లెక్క నిజమేనా?

పటమట_రావు
మా అమ్మాయి పెళ్లి మాఘమాసంలో విజయవాడలోనే జరగబోతోంది. వచ్చిన బంధుమిత్రులకు తాంబూలంతో పాటు చిన్న కానుక పెట్టి ఇవ్వడానికి 800 గుడ్డ సంచులు చేయించాలని నేను, నా భార్య అనుకున్నాము. ఆ మాట మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే మా బావమరిది ఒక బొమ్మ పంపాడు. నూలు సంచిని 7,100 సార్లు వాడితే తప్ప అది ప్లాస్టిక్ కవరు కంటే పర్యావరణానికి మేలు చేయదని, ఈ సంగతి డెన్మార్క్ ప్రభుత్వమే తేల్చిందని అందులో ఉంది. అంతే, గ్రూపు రెండుగా చీలిపోయింది. మా చిన్నాన్న గారి అబ్బాయి మా బావమరిదిని ప్లాస్టిక్ కంపెనీల ఏజెంటు అన్నాడు. ఏసీ కార్లలో తిరిగేవాళ్లు భూమి గురించి మాట్లాడటం చూస్తే నవ్వు వస్తోందని మా వదిన గారు ఆ అబ్బాయిని అన్నారు. ఇద్దరు గ్రూపు నుంచి తప్పుకున్నారు, వారిని పెళ్లికి మళ్లీ పిలవవలసిన పని నా మీద పడింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ లెక్క నిజమా, కాదా? నిజమైతే ఏ సంచి చేయించాలి?

సంచిలో_సంచి
మా వంటగది తలుపు వెనుక ఒక పెద్ద సంచి వేలాడుతూ ఉంటుంది, దాని నిండా పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులే. ఒక్కొక్కటి 7,100 సార్లు వాడాలంటే మా మనవళ్ల పేర వీలునామా రాయవలసి వస్తుంది.

జీవితచక్రం
ఆ అంకె కల్పితం కాదు, కానీ బొమ్మలో చెప్పిన అర్థం దానికి లేదు. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో ఒక నివేదిక ప్రచురించింది. అందులో ఒక్కో రకం సంచిని, దాని ముడిసరుకు పుట్టుక నుంచి అది చెత్తలో చేరే దాకా, వాతావరణ మార్పు, నీటి వాడకం, ఓజోన్ పొర క్షీణత వంటి అనేక అంశాల మీద విడివిడిగా లెక్కించారు. అన్ని అంశాలలోనూ నూలు సంచి కవరుకు తీసిపోకుండా ఉండాలంటే ఎన్నిసార్లు వాడాలి అని ప్రశ్న వేసుకున్నప్పుడు, అన్నింటిలోకీ ఎక్కువ చెడుగా తేలిన ఒకే ఒక్క అంశం, అంటే ఓజోన్ పొర క్షీణత, ఆ జవాబును 7,100 దాకా లాగింది. వాతావరణ మార్పు ఒక్కదానినే తీసుకుంటే అదే నివేదికలో నూలు సంచికి వచ్చిన అంకె 52. వారానికి ఒకసారి రైతుబజారుకు పట్టుకెళ్లేవారికి అది ఒక సంవత్సరం పని.

సేంద్రియ పత్తి సంచికైతే ఆ నివేదికలో 20,000 అని ఉంటుంది. దానిని చూసి సేంద్రియం అంటేనే మోసమని వాదించేవారు ఉన్నారు. వారు పరీక్షించిన ఆ సంచి చిన్నది కావడంతో, ఒక కవరులో పట్టే సరుకుకు రెండు సంచులు అవసరమని లెక్క వేశారు. ఆ అంకె అంత పెరగడానికి అదీ ఒక కారణం.

రైవస్_కాలువ
జీవితచక్రం గారు ఒక సంగతి వదిలేశారు. ఆ దేశంలో కవరును చివరికి చెత్తబుట్టలో పరచి, చెత్తతో పాటు కాల్చి కరెంటు, వేడి తీసుకుంటారు. కాబట్టి వీధిలో, నీటిలో పడే కవర్ల సంగతి వారి లెక్కలోకే రాలేదు. మా ఇంటి ముందు కాలువలో గుర్రపుడెక్క కంటే కవర్లే ఎక్కువగా కనిపిస్తాయి. కవరు కాలువలోకి చేరని దేశపు లెక్కను తెచ్చి బెజవాడలో కవరే మంచిదని చెప్పడం ఎలా కుదురుతుంది? 2024లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది ఈ కవర్ల వల్లనే కదా.

సింగ్‌నగర్_మూడో_అంతస్తు
మొదటి భాగంతో ఏకీభవిస్తాను, చివరి వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. ఆ నీళ్లలో ఉన్నవాళ్లం కాబట్టి చెబుతున్నాను, మమ్మల్ని ముంచింది కవర్లు కావు. భారీ వర్షాలకు బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడి వరద ఊరి మీదికి వచ్చింది. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నడిచింది. వాగు దారిలో ఇళ్లు లేవడం అనే పాత కథ ఉండనే ఉంది. గంట వర్షానికి మోకాలి లోతు నీళ్లు నిలవడానికి కవర్లు అడ్డుపడిన మురుగుకాలువలు కారణమని చెప్పండి, ఒప్పుకుంటాను. ప్రతి వరదనూ కవరు మీదికి నెడితే గండ్ల గురించి అడిగేవారు ఉండరు.

రైవస్_కాలువ
గండ్ల గురించి అడగవద్దని నేను అనలేదు. కవర్ల గురించి కూడా అడగాలంటున్నాను.

మేనమామ_గుంటూరు
ఆ బొమ్మ పంపిన బావమరిదిని నేనే. బావగారు ఇక్కడ చర్చ పెట్టారని మా అక్క చెప్పింది. నేను గ్రూపులో బొమ్మతో పాటు మూడు వాక్యాలు రాశాను. కవర్లు వాడమని వాటిలో ఎక్కడా లేదు. ఎవరూ అడగని 800 కొత్త సంచులు చేయించడం పర్యావరణ సేవ కాదని, ఇప్పటికే ప్రతి ఇంట్లోనూ సంచులు మూలుగుతున్నాయని రాశాను. బొమ్మను చూసినవారు నా వాక్యాలను చదవలేదు. ఆ తరువాత మా తమ్ముడు ఒకాయన ఆ బొమ్మను మాత్రమే తీసి వేరే గ్రూపులో పెట్టాడు, దానితో నేను కవర్ల పక్షం వాడినైపోయాను. ఇప్పుడు నేను అనని మాటను ఖండిస్తూ నాకే సందేశాలు వస్తున్నాయి.

ఊరికే_చూస్తున్నా
మేనమామ గారే వచ్చేశారు కాబట్టి, పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేటప్పుడు ఆ బుట్ట వెదురుదా, ప్లాస్టిక్‌దా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

మేనమామ_గుంటూరు
వెదురుదే. మా అక్క పెళ్లినాటిది, అటక మీద భద్రంగా ఉంది. దాని కోసం ఎవరూ కొత్తది కొననవసరం లేదు.

ప్రత్తిపాడు_రైతు
నగరంలో ఉన్నవారు పత్తి మీద వేస్తున్న లెక్కలు చూసి ఒక మాట చెప్పాలనిపించింది. పత్తి పంటకు పురుగుమందు ఎక్కువ పడుతుందన్నది నిజమే, బీటీ విత్తనాలు 2002లో దేశానికి వచ్చిన తరువాత కొంతకాలం తగ్గినా, గులాబీరంగు పురుగు మళ్లీ మా నడుము విరిచింది. కానీ చేనులో పండేది సంచి గుడ్డ ఒక్కటే కాదు. తీసిన పత్తి బరువులో దూది మూడో వంతు ఉంటుంది, మిగిలినదంతా గింజ. ఆ గింజ నుంచి నూనె తీస్తారు, మిగిలిన చెక్కను గేదెలకు పెడతాము, పత్తికంపను పొయ్యిలోకి వాడతాము. పంట భారమంతా దూది నెత్తిన పెట్టి సంచిని నిందిస్తే, ఆ నూనె, ఆ పాలు ఊరికే వచ్చినట్టవుతుంది. మా చేను వర్షాధారపు నల్లరేగడి. కాలువ నీళ్లతోనో, బోరు నీళ్లతోనో పండించిన పత్తితో దానిని ఒకే గాట కట్టడం కూడా సరికాదు.

జీవితచక్రం
రైతు గారు చెప్పినది చాలా ముఖ్యమైన విషయం. ఒకే పంట నుంచి నాలుగు సరుకులు వచ్చినప్పుడు భారాన్ని వాటి మధ్య బరువును బట్టి పంచాలా, ధరను బట్టి పంచాలా అన్నది ఈ లెక్కలు వేసేవారి మధ్య ఇప్పటికీ నడుస్తున్న వాదమే. పంచే పద్ధతి మారితే జవాబు కూడా మారుతుంది. పోల్చే కవరు, చూసే అంశం మారినా అంతే. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో అంకెలు ఇంకొక రకంగా ఉన్నాయి. చాలా పలుచని కవరుతో పోల్చి, భూతాపం ఒక్కదానినే చూసి, కాగితపు సంచిని 3 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలని అందులో తేల్చారు. 52, 131, 7,100 అనే మూడు అంకెలకూ వాటి వాటి ప్రశ్నలు ఉన్నాయి. ప్రశ్నను కత్తిరించి అంకెను మాత్రమే పంచుకున్నప్పుడే కొట్లాట మొదలవుతుంది.

వన్‌టౌన్_స్క్రీన్‌ప్రింట్
నా వృత్తి సంచుల మీద అచ్చు వేయడమే కాబట్టి రావు గారికి ఒక హెచ్చరిక చేస్తున్నాను. పెళ్లిళ్లకు 'గుడ్డ సంచి' అని అడిగేవారిలో చాలామందికి చివరికి అందేది గుడ్డ కాదు. మెత్తగా, రంగురంగులుగా, చౌకగా దొరికే నాన్ వోవెన్ సంచి అసలు సిసలు ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్. దానిని వెలుతురులో పట్టుకుని చూస్తే పడుగు, పేక కనిపించవు, వేడితో అదిమిన సన్నని చుక్కల వరుసలు కనిపిస్తాయి. అనుమానం ఉంటే అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి నిప్పు చూపించండి. నూలైతే కాలిన కాగితం వాసన వచ్చి బూడిద రాలుతుంది, ఇదైతే కరిగి గట్టి ముద్దగా మారుతుంది. నిబంధనల ప్రకారం 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ బరువున్న నాన్ వోవెన్ సంచులు అమ్మకూడదు. మామూలు కవరు మందమైతే అదే తేదీ నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. బజారులో ఏమి దొరుకుతోందో మీకు తెలిసినదే.

బ్రాడీపేట_పిన్ని
అయితే మా కాలనీ సంఘం 'ప్లాస్టిక్ రహిత వీధి' అని అచ్చు వేయించి ఇంటింటికీ పంచిన ఆకుపచ్చ సంచి కూడా ప్లాస్టికే అన్నమాట. ఇప్పుడే నిప్పు చూపించాను, ముద్దకట్టింది. మావారు వంటగదిలో ఈ వాసన ఏమిటని అడుగుతున్నారు.

జీవితచక్రం
ఇక్కడ ఇంకొక మెలిక ఉంది, పిన్ని గారూ. నేను చెప్పిన ఇంగ్లండు అధ్యయనంలో ఆ నాన్ వోవెన్ సంచికి వచ్చిన అంకె 11 మాత్రమే. అంటే భూతాపం లెక్కలో అది నూలు సంచి కంటే ఎంతో ముందు గట్టెక్కుతుంది. ప్లాస్టిక్ అన్న ఒక్క కారణానికి ఇంట్లో ఉన్నదానిని పారేసి నూలుది కొనడం రెండు విధాలా నష్టమే.

రైవస్_కాలువ
ఆ 11 సార్లు అది బతికితే కదా. బాల్కనీలో ఎండ తగిలేచోట ఒక వేసవి వదిలేసి చూడండి, చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడి అంతా నేలలోకి, నీళ్లలోకి పోతుంది, ఏరడం ఎవరి వల్లా కాదు. భూతాపం ఒక్కటే లెక్క కాదని చెప్పినవారు మీరే కదా.

జీవితచక్రం
అవును, అది న్యాయమైన అభ్యంతరం. తేమ తగలకుండా, ఎండ తగలకుండా లోపల వాడుకునేవారికి నా మాట, బయట వేలాడదీసేవారికి మీ మాట వర్తిస్తాయి.

కంపోస్ట్_కోమలి
ఇంత గొడవ ఎందుకు? మొక్కజొన్న పిండితో చేసిన, భూమిలో కలిసిపోయే కవర్లు వచ్చాయి కదా, అవి తీసుకుంటే సరిపోతుంది.

ఆటోనగర్_పాతసామాను
ఆ కవర్లు నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నాకు నష్టమే కాబట్టి నేను జవాబు చెబుతాను. వాటిలో చాలావరకు కలిసిపోవడానికి సుమారు 60 డిగ్రీల వేడి, తేమ నిలకడగా ఉండే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. మన పెరటి గుంటలో, మురుగుకాలువలో అవి మామూలు కవర్లలాగానే చాలా కాలం పడి ఉంటాయి. అసలైనవాటి మీద ఐఎస్ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ వివరాలు ఉండాలి. 'నూరు శాతం బయో' అని ఆకు బొమ్మ వేసినంత మాత్రాన సరిపోదు. ఇవి మామూలు ప్లాస్టిక్‌తో కలిసిపోతే కరిగించినప్పుడు సరుకంతా పాడవుతుంది.

ఇంకొక అపోహ కూడా ఉంది. ప్లాస్టిక్ వస్తువు అడుగున బాణాల త్రికోణం ఉంటే అది మళ్లీ వాడకంలోకి వస్తుందని చదువుకున్నవారు కూడా అనుకుంటారు. అది ఏ రకం ప్లాస్టికో చెప్పే అంకె మాత్రమే. పాలప్యాకెట్లు, నీళ్ల సీసాలు మేము కొంటాము, ఎందుకంటే వాటికి ధర ఉంది. చిప్సు ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లలో రెండు మూడు రకాల పొరలు అతుక్కుని ఉంటాయి, వాటిని ఎవరూ కొనరు. పలుచని కవర్లనైతే ఏరుకునేవారే ముట్టుకోరు, రోజంతా ఏరినా కిలో తూగదు. కవరు మందం పెంచమని ప్రభుత్వం చెప్పడానికి ఒక కారణం అదే. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో మళ్లీ వాడకంలోకి వచ్చినది సుమారు 9 శాతమేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. మా వ్యాపారంలో ఉన్నవారికి అది తక్కువ అనిపించలేదు.

కంపోస్ట్_కోమలి
ధ్రువీకరణ ఉన్నవి కొంటే తప్పేమిటి అన్న నా ప్రశ్న అలాగే ఉంది. మా సముదాయంలో తడిచెత్తకు కంపోస్టు గుంట ఉంది. వేడి ఎంత ఉంటుందో రేపు చూస్తాను.

అరండల్‌పేట_4వ_లైను
ఎవరైనా ఒక్క నిజం చెబుతారా? ఇక్కడ రాస్తున్నవారిలో ఏసీ లేనివారు ఎంతమంది? కారు లేనివారు ఎంతమంది? ఒక విమాన ప్రయాణం కొన్ని వేల కవర్లతో సమానం. పెద్ద పెద్ద చమురు కంపెనీలను వదిలేసి ఆడపిల్ల పెళ్లిలో సంచి మీద పడటం ఏమిటి? ఈ 'కార్బన్ పాదముద్ర', అంటే ఒక్కొక్కరి వల్ల వెలువడే కార్బన్ లెక్క, అన్న మాటను జనంలో ప్రచారం చేసినదే 2000ల మధ్యలో బ్రిటన్ చమురు కంపెనీ బీపీ, తప్పంతా మన మీదికి నెట్టడానికి.

సింగ్‌నగర్_మూడో_అంతస్తు
బీపీ సంగతి నిజమే. కానీ రావు గారు అడిగినది సంచి గురించి. అడిగినవారికి ఏసీ ఉంటే సంచి లెక్క మారుతుందా? మా కుటుంబ గ్రూపులో కూడా ఇదే తంతు. ఒకరు ఒక చిన్న పని చేస్తానంటారు, వెంటనే మరొకరు వారు చేయని పెద్ద పనుల పట్టిక చదువుతారు. చివరికి చిన్న పనీ జరగదు, పెద్ద పనీ జరగదు. పట్టిక చదివినవారు మాత్రం తృప్తిగా నిద్రపోతారు.

ఫిజిక్స్_మాస్టారు
అరండల్‌పేట వారి లాంటి వాదనే నేను విద్యుత్ స్కూటరు కొన్నప్పుడు మా స్టాఫ్ రూములో వినిపించింది. 'నీ బండి పెట్రోలుతో కాదు, ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రంలో కాల్చే బొగ్గుతో నడుస్తోంది' అన్నారు. వాదించడం మానేసి నల్లబల్ల మీద లెక్క వేశాను. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఒక యూనిట్‌తో బండి 25 కిలోమీటర్లు నడిచిందనుకుంటే కిలోమీటరుకు 28 గ్రాములు. తీగలలో, చార్జింగులో పోయే నష్టాన్ని కలిపితే 35 గ్రాముల దాకా వేసుకోవచ్చు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, 45 కిలోమీటర్ల మైలేజీకి కిలోమీటరుకు 51 గ్రాములు. అంటే బొగ్గు కరెంటుతో నడిచినా విద్యుత్ బండికి కొంత మేలు ఉంది, అది ప్రకటనల్లో చెప్పే 'శూన్య కాలుష్యం' మాత్రం కాదు. బ్యాటరీ తయారీ భారం తీరడానికి కొన్ని వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు రెండు కిలోమీటర్లు తిరిగే మా సహోద్యోగి మంచి స్థితిలో ఉన్న పాత బండిని తుక్కుకు ఇచ్చి విద్యుత్ బండి కొంటానంటే వద్దని నేనే చెప్పాను.

ఊరికే_చూస్తున్నా
స్టాఫ్ రూములో వారు ఒప్పుకున్నారా, మాస్టారూ?

ఫిజిక్స్_మాస్టారు
లేదు. బ్యాటరీ పేలుతుంది అన్న విషయానికి మారిపోయారు.

వడ్డనవారు
ఇరవై ఏళ్లుగా గుంటూరు, విజయవాడ మధ్య పెళ్లి భోజనాలు చేయిస్తున్నాను. ఇంతసేపు చదివాక ఆశ్చర్యం వేసింది, ఎవరూ భోజనం మాట ఎత్తలేదు. రావు గారి 800 సంచుల బరువు అంతా కలిపినా ఒక పూట విస్తళ్లలో, పళ్లేలలో మిగిలిపోయి బయటికి పోయే అన్నం, కూరల బరువు ముందు నిలవదు. ప్రపంచంలో వెలువడే భూతాపక వాయువుల్లో 8 నుంచి 10 శాతం దాకా తినకుండా పారేసిన ఆహారానికి సంబంధించినవేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చెబుతోంది. వరి మడి నీళ్లలో పుట్టే మీథేను ఒకసారి, అదే అన్నం చెత్తకుప్పలో కుళ్లినప్పుడు పుట్టే మీథేను ఇంకొకసారి. కృష్ణా డెల్టాలో పండిన బియ్యాన్ని వండి కుప్పలో పోసి, తాంబూలం గుడ్డ సంచిలో ఇవ్వడం నేను చాలా చోట్ల చూశాను.

అరిటాకు విషయం కూడా చెప్పాలి. సంప్రదాయంగా ఉంటుందని కోరి ఆర్డరు ఇస్తున్న 'అరిటాకు విస్తళ్లు' చాలావరకు ఆకు బొమ్మ అచ్చు వేసిన కాగితం, దాని మీద పలుచని ప్లాస్టిక్ పొర. గేదెలకు వేస్తే పొట్టలోకి పోతుంది. కాగితపు కాఫీ కప్పు లోపల కూడా అదే పొర ఉంటుంది. అందులో పోసిన 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లలోకి 15 నిమిషాలలో 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2020లో చెప్పారు. అసలైన అరిటాకులు, కుట్టిన అడ్డాకు విస్తళ్లు, స్టీలు గ్లాసులు అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి, అడిగేవారే తక్కువ.

అరండల్‌పేట_4వ_లైను
నేను ఏసీ గురించి మాట్లాడితే దారి మళ్లించడం అన్నారు. వీరు అన్నం గురించి మాట్లాడితే మాత్రం అందరూ వింటున్నారు. తేడా ఏమిటి?

సింగ్‌నగర్_మూడో_అంతస్తు
తేడా ఉంది. మీరు చెప్పినది నోరు మూయించడానికి పనికొస్తుంది. వారు చెప్పిన పనిని రావు గారు రేపు ఉదయం ఫోను చేసి మార్చుకోవచ్చు.

అరండల్‌పేట_4వ_లైను
అది నాకు అంత న్యాయంగా అనిపించడం లేదు, అయినా రాత్రి అయింది కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. స్టీలు గ్లాసులు కడగడానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో వడ్డనవారు చెప్పలేదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

వడ్డనవారు
మూడు తొట్లలో వరుసగా కడుగుతాము, పంపు వదిలేసి కడగము. కృష్ణ ఒడ్డున ఉన్నామని నీళ్లు ఊరికే వస్తాయని అనుకోకండి, ట్యాంకరుకు నా జేబులోంచే ఇస్తాను.

బ్రాడీపేట_పిన్ని
రావు గారూ, నా సలహా వినండి. మీ ఇంట్లోనూ, మీ అక్కచెల్లెళ్ల ఇళ్లలోనూ కట్టని నేత చీరలు ఎన్ని ఉన్నాయో ఒకసారి బీరువాలు తీయించండి. ఒక్కో చీరకు చాలా సంచులు వస్తాయి. మా అమ్మ పాత ప్యాంట్ల గుడ్డతో కుట్టిన చేతిసంచులతోనే నేను ఇప్పటికీ కొత్తపేట వెళుతున్నాను. ఆ పత్తి ఎప్పుడో పండింది, దాని భారం ఎప్పుడో తీరిపోయింది. కుట్టుకూలి మాత్రమే ఖర్చు, ఆ డబ్బు కూడా మన వీధిలోని దర్జీకే పోతుంది.

మేనమామ_గుంటూరు
నేను మొదటి రోజు చెప్పినది కూడా ఇదే, పిన్ని గారూ. కొత్తవి వద్దనే అన్నాను.

పటమట_రావు
అందరికీ జవాబు ఇవ్వలేకపోతున్నాను, మన్నించాలి. మా ఆవిడ, మా వదిన గారు బీరువాలు తీశారు. చీరలతో 300 సంచుల దాకా వస్తాయని దర్జీ చెప్పాడు. దూరం నుంచి వచ్చేవారికీ, పెద్దవారికీ అవి ఇస్తాము. మిగిలినవారికి తాంబూలం తమలపాకులు, పండుతో చేతికే ఇస్తాము, కానుక ఉండదు. కానుక లేకపోతే ఎవరూ అలగరని మా బావమరిది హామీ ఇచ్చాడు, అలిగితే ఆయన దగ్గరికే పంపుతాను. వడ్డనవారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. బఫే మానేసి కూర్చోబెట్టి వడ్డిస్తే నిజంగా వృథా తగ్గుతుందా? వియ్యపువారు బఫేయే ఉండాలంటున్నారు.

వడ్డనవారు
కూర్చోబెట్టినంత మాత్రాన తగ్గదు. అడగకుండా వడ్డించేవాడు ఉంటే పంక్తిలోనే ఎక్కువ పోతుంది. నా అనుభవంలో వృథాను పెంచేది వంటకాల సంఖ్య. నలభై రకాలు పెడితే ఎవరైనా అన్నీ రుచి చూడాలనుకుంటారు. వియ్యపువారికి బఫేయే కావాలంటే అలాగే పెట్టండి, రకాలు సగం చేయండి, పళ్లేలు చిన్నవి పెట్టండి. ఎంతమంది వస్తారో రెండు రోజుల ముందు నిజమైన అంకె ఇవ్వండి, పరువు కోసం పెంచిన అంకె వద్దు. మూతపెట్టిన గిన్నెల్లో ముట్టకుండా మిగిలినది వేడి తగ్గకముందే తీసుకెళ్లేవారికి ముందుగానే కబురు పెట్టాలి, రాత్రి పదకొండు గంటలకు వెతికితే ఎవరూ దొరకరు. చిన్న నీళ్ల సీసాలు కూడా వద్దు, సగం తాగి వదిలేసినవాటిని ఏరలేక మా పిల్లలు అలసిపోతారు.

పటమట_రావు
రకాలు సగం చేస్తే ఒప్పుకుంటారో లేదో, మా అమ్మాయి చేత అల్లుడితో చెప్పిస్తాను. ఇంకొక చిక్కు ఉంది. చీర సంచుల మీద వధూవరుల పేర్లు, తేదీ తప్పనిసరిగా ఉండాలని వియ్యంకుడు గారు పట్టుబడుతున్నారు.

సంచిలో_సంచి
మా తలుపు వెనుక సంచులు వాడకుండా పడి ఉండటానికి కారణం అదే. ఎవరి పెళ్లి పేర్లో ఉన్న సంచి పట్టుకుని కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్లడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. పేర్లు లేని రెండు సంచులు మాత్రం చిరిగేదాకా వాడాము.

వన్‌టౌన్_స్క్రీన్‌ప్రింట్
పేర్లను సంచి లోపలి వైపు, పై అంచు దగ్గర చిన్నగా వేయవచ్చు. వియ్యంకుడు గారికి పేర్లు ఉంటాయి, బజారుకు వెళ్లేవారికి కనిపించవు. అయితే కుట్టిన తరువాత లోపల అచ్చు వేయడం కుదరదు, గుడ్డ కత్తిరించిన వెంటనే నాకు పంపాలి. జరీ అంచు ఉన్న ముక్కల మీద రంగు సరిగా పట్టదు కాబట్టి అంచు కిందికి వచ్చేలా కత్తిరించమని దర్జీకి చెప్పండి. పట్టుచీరలు మాత్రం పంపకండి, పోయినసారి ఒకరు పంపితే వారి అత్తగారు మా కొట్టు దాకా వచ్చి వెనక్కి పట్టుకెళ్లారు.